పాముకు కాళ్లు గీసినవాడు

అందరికీ నమస్కారం. చైనీయులకు చెంగ్‌యూ అనే జాతీయాలుంటాయి. చాలావాటికి నాలుగే అక్షరాలు, వెనకాల మాత్రం ఒక పెద్ద కథ. ఈరోజు మనం చెప్పుకునేది ‘హువా షె థ్యెన్ జూ’. గీయడం, పాము, చేర్చడం, కాళ్లు. అంటే, పాము బొమ్మ గీసి దానికి కాళ్లు తగిలించడం.

పాతకాలపు చైనాలోని చూ రాజ్యంలో ఒకాయన పూజ అయ్యాక పనివాళ్లకు ఒక పాత్ర మద్యం ఇచ్చాడు. అందరికీ చాలదు, ఒక్కడికైతే మిగులుతుంది. నేల మీద పాము గీద్దాం, ముందు గీసినవాడిదే పాత్ర అనుకున్నారు. ఒకడు చకచకా గీసేశాడు. ఎడమ చేత్తో పాత్ర అందుకుని, “నేను కాళ్లు కూడా గీయగలను” అంటూ కుడి చేత్తో మళ్లీ మొదలుపెట్టాడు. అవి పూర్తయ్యేలోపే ఇంకొకడి పాము అయిపోయింది. వాడు పాత్ర లాక్కుని, “పాముకు కాళ్లెక్కడివిరా? నువ్వెలా పెడతావు?” అంటూ తాగేశాడు.

ఆ ఎడమ చెయ్యి చూడండి. గెలిచిన పాత్ర అందులోనే ఉంది. అందుకే దీన్ని మన ‘వినాయకుణ్ణి చేయబోతే కోతి అయ్యింది’తో పోలిస్తే నేను ఒప్పుకోను. అక్కడ పని చేతకాలేదు. ఇక్కడ పాము భేషుగ్గా కుదిరింది.

పైగా ఇది పిల్లలకు చెప్పిన కథ కాదు. ‘జాన్‌గువో త్స’ అనే పాత సంకలనం ప్రకారం, చూ సేనాని జావ్ యాంగ్ వెయ్ రాజ్యాన్ని ఓడించి, ఎనిమిది పట్టణాలు పట్టుకుని, చీ రాజ్యం మీదికి తిరిగాడు. చీ తరఫున చెన్ జెన్ వచ్చాడు. వంగి దండం పెట్టి, గెలుపుకు అభినందించి, మెల్లగా అడిగాడు: మీకు రాబోయే పదవి కంటే పెద్దది ఏముంది? లింగ్‌యిన్, అంటే ప్రధానమంత్రి లాంటిది, అదొక్కటే. మరి రాజుగారు ఇద్దరు లింగ్‌యిన్‌లను పెట్టరు కదా! అప్పుడు చెప్పాడు ఈ పాము కథ. ఇంకా యుద్ధం చేస్తే ప్రాణం పోతుంది, వచ్చిన పదవి వేరేవాడికి పోతుంది అన్నాడు. జావ్ యాంగ్ సైన్యంతో వెనక్కి వెళ్లిపోయాడు. ఎంత గడుసువాడో చూడండి, చీ రాజ్యాన్ని కాపాడుతూ శత్రువుకు మేలు చేస్తున్నట్టే మాట్లాడాడు.

పాము సంగతేమో గానీ, జావ్ యాంగ్ కల్పన కాదు. 1957లో ఆన్‌హుయీ రాష్ట్రంలో వెదురు బద్దల ఆకారంలో కంచు పలకలు దొరికాయి. పడవలకూ బళ్లకూ సుంకం మినహాయించే అనుమతి పత్రాలవి. షియాంగ్‌లింగ్ దగ్గర జావ్ యాంగ్ శత్రుసేనను ఓడించిన ఏడు అని వాటి మీద చెక్కి ఉంది. అది క్రీ.పూ. 323.

ఇప్పుడు చైనాలో బాగున్న వ్యాసానికి ఇంకో పేరా అతికించినా ఈ మాటే అంటారు. అనవసరమైన చేర్పు అనే అర్థం నిలిచింది, చేజారిన పాత్ర మరుగున పడింది. జపాన్‌వాళ్లు దీన్ని ‘దసోకు’ చేసుకున్నారు, అంటే పాము కాళ్లు. చెప్పాల్సింది చెప్పేశాక ఇంకో ముక్క కలపాలనిపిస్తే, “ఇది దసోకే గానీ” అని ముందే ఒప్పేసుకుని మరీ కలుపుతారు.