పుట్టీ పెట్టిన ప్రతిసారీ పగులుతోంది

వ్యాఖ్యాత: తర్వాతి ఫోన్ రాజోలు నుంచి. చెప్పండమ్మా, మేస్త్రి గారు వింటున్నారు.

శ్రోత: నమస్కారమండి. మాది పాత పెంకుటిల్లు. ముందుగదిలో గోడకి సగం ఎత్తు దాకా మా మామగారి నాటి టేకు పలకలున్నాయి. పోయిన వేసవిలో ఆ పైన జిప్సం బోర్డు వేయించాం. రెండూ కలిసేచోట పుట్టీ పెట్టారు. వానలు పడేసరికి గీత గీసినట్టు పగిలింది. మళ్ళీ పెట్టించాం, మళ్ళీ పగిలింది. ఇప్పటికి మూడుసార్లు!

మేస్త్రి: పలకలు నిలువా, అడ్డమా?

శ్రోత: అడ్డమండి. ఒకదాని మీద ఒకటి ఐదున్నాయి.

మేస్త్రి: వానాకాలం మీ ఇంట్లో తలుపు పట్టేస్తుందా?

శ్రోత: ఆయ్, భుజంతో నెట్టాలండి.

మేస్త్రి: మరి గోడకున్న చెక్క ఆ తలుపుకి చుట్టమే కదమ్మా. తేమ పీల్చి వెడల్పున ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పొడవున పెద్దగా కదలదు. మీ పలకలు అడ్డంగా పేర్చారు కాబట్టి ఐదింటి ఉబ్బూ పోగై పై అంచు దగ్గర తేలుతుంది. బోర్డు అంత కదలదు. మధ్యలో పుట్టీ ఎండి రాయైపోయింది, దానికి సాగే గుణం లేదు. ముప్పైసార్లు పెట్టినా పగులుతుంది, డబ్బు దండగ.

వ్యాఖ్యాత: పేపర్ టేపు వేస్తే ఆగదా?

మేస్త్రి: అది బోర్డుకీ బోర్డుకీ మధ్య అతుక్కండి. పాలిష్ చేసిన చెక్క మీద నిలవదు, లేచొచ్చేస్తుంది. అమ్మా, ముందు చెక్క మీద మాస్కింగ్ టేపు అంటించి, పాత పుట్టీ గీకించేయండి. బోర్డు కింది అంచుని చెక్కకి ఆనకుండా పెన్సిల్ మందం పైకి కోయించండి. ఆ అంచుకి పీవీసీ పట్టీ వేయాలి. జె ఆకారం పట్టీ బోర్డు బిగించకముందే తొడగాలి. మీది బిగించేశారు కాబట్టి ఎల్ ఆకారంది అడగండి. రేకు పట్టీ వద్దు. మీది ఉప్పుగాలి, కోసినచోట తుప్పు పట్టి మరక దిగుతుంది. పుట్టీ ఆ పట్టీ దగ్గరే ఆగిపోవాలి, చెక్కని ముట్టుకోకూడదు. పల్చగా రెండు మూడు పూతలు. ముసురులో ఆరడం ఆలస్యమవుతుంది, పనివాళ్ళని తొందరపెట్టకండి.

శ్రోత: మరి ఆ సందులో బల్లులు చేరవా అండి?

మేస్త్రి: (నవ్వు) చేరతాయి. నాకైతే సందు అలా నల్లగీతలా కనబడితేనే ఇష్టం. బల్లులంటే భయమైతే పైన టేకు బీడింగ్, అంటే సన్న చెక్క పట్టీ, కొట్టించండి. సందు సన్నగా ఉంటే అందులో నింపే యాక్రిలిక్ సీలెంట్ కూడా పనికొస్తుంది, కాస్త సాగుతుంది, పైన రంగూ వేసుకోవచ్చు. సిలికాన్ మాత్రం వద్దు, మామూలుగా దాని మీద రంగు పట్టదు.

శ్రోత: బీడింగే వేయిస్తానండి. రెండింటికీ కలిపి మేకులు కొడితే గట్టిగా ఉంటుందని మా వడ్రంగి అంటున్నాడు.

మేస్త్రి: అంటాడమ్మా. అలా కొడితే వచ్చే వానలకి బీడింగే చీలుతుంది. మేకులు చెక్కకి మాత్రమే. బోర్డు మీద బీడింగ్ ఊరికే ఆనుకుని ఉండాలి, చెక్క కదిలితే దాంతోపాటు అదీ జారాలి. కొట్టే రోజు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చోండి.

శ్రోత: ఆయ్, అలాగేనండి.

వ్యాఖ్యాత: తణుకు నుంచి మరో ఫోన్, బాత్రూమ్ టైల్స్ గురించి.