హ్యాండిల్ మారిస్తే మెడ నొప్పి పోతుందా? (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్తే. బండి హ్యాండిల్ గురించి మీ సందేహాలకు హన్మకొండలో షెడ్డు నడిపే సీనియర్ మెకానిక్ జవాబు చెబుతారు. మొదటి కాలర్ పరకాల నుంచి. చెప్పండి.

పరకాల కాలర్: సార్ నమస్తే. వినబడుతుందా? నేను విత్తనాల షాపుల చుట్టూ తిరిగే పని చేస్తా సార్. రోజూ పరకాల నుంచి హన్మకొండ రావాలె, మళ్లీ పోవాలె, మధ్యలో ఊర్లు. సాయంత్రానికి మెడ పట్టేస్తది, మణికట్లు గుంజుతయి. మా బామ్మర్ది ఏమన్నడంటే, ఎత్తు హ్యాండిల్ వేసుకో బావా, కుర్చీల కూసున్నట్టు ఉంటది అన్నడు. వేయించిన. వారమైంది. మెడకు బాగానే ఉంది, అబద్ధమెందుకు. మణికట్టు నొప్పే పోలేదు. దానికేమన్నా మెత్తటి గ్రిప్పులు...

మెకానిక్: గ్రిప్పుల సంగతి తర్వాత. హ్యాండిల్‌తో పాటు వైర్లు మార్చారా?

పరకాల కాలర్: పాతవే సార్. సరిపోయినయి అన్నడు. జరంత బిగుతుగా ఉన్నయి.

మెకానిక్: బండి స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిల్ ఇటు చివరిదాకా, అటు చివరిదాకా తిప్పి చూశారా?

పరకాల కాలర్: చూడలే. కానీ ఇంటి ముందు గల్లీలో తిప్పుకుంటుంటే దానంతటదే గుర్రుమని లేస్తది. పెట్రోల్‌ల కల్తీ ఉందేమో అనుకున్న.

మెకానిక్: అయ్యో అన్నా, పెట్రోల్ కాదు! హ్యాండిల్ ఎత్తు పెరిగింది, యాక్సిలరేటర్ వైరు పొడవు పెరగలేదు. తిప్పినప్పుడు లోపలి తీగ గుంజుకుపోయి, మీరు రేస్ ఇవ్వకుండానే రేస్ అవుతోంది. యూ టర్న్ తీసుకునేటప్పుడు బండి ముందుకు దూకితే ఏం చేస్తారు? ముందు చక్రం బ్రేకు డిస్కా, డ్రమ్మా?

పరకాల కాలర్: డిస్కే.

మెకానిక్: ఇంకా ప్రమాదం. బ్రేకు ఆయిల్ పైపు సాగినట్టు ఉంటే ఏదో ఒకరోజు జాయింట్ దగ్గర కారుతుంది. పొడవు పైపు వేయించండి. పైపు విప్పితే జాయింట్‌లో వాషర్లు కొత్తవి వేయాలి, ఆయిల్ పోసి లోపలి గాలి మొత్తం తీయాలి. గాలి మిగిలితే బ్రేకు లివర్ స్పాంజి లెక్క మెత్తగా అవుతుంది. క్లచ్ వైరు కూడా చూడండి. అది బిగిసి ఉంటే క్లచ్ సగం పట్టినట్టే ఉంటుంది, ప్లేట్లు కాలిపోతాయి.

పరకాల కాలర్: వైరును ట్యాంకు కింద నుంచి వేరే దారిలో తీసి కడితే సరిపోదా సార్?

మెకానిక్: కట్టుడు వద్దు.

పరకాల కాలర్: మరి మణికట్టు?

మెకానిక్: హ్యాండిల్ మారింది, బ్రేకు, క్లచ్ లివర్లు సరిగ్గా దించలేదు. అవి పైకి చూస్తుంటే చెయ్యి వంచి పట్టుకోవాల్సి వస్తుంది. సీటు మీద మామూలుగా కూర్చుని వేళ్లు లివర్ మీద వేయండి. మోచేయి నుంచి వేళ్ల దాకా ఒకే వరుసలో ఉండాలి. లివర్ క్లాంపు బోల్టు వదులు చేసి కొంచెం కిందికి తిప్పుకుంటే చాలు. నిజం చెప్పాలంటే పాత హ్యాండిల్‌కే నాలుగు బోల్టులు వదులు చేసి, అరవేలు మందం మీ వైపు తిప్పుకుంటే మీకు ఈ ఖర్చే ఉండకపోవును. విప్పేముందు క్లాంపుల మధ్య సందు ఎట్లుందో ఫోటో తీసుకోవాలి, మళ్లీ అట్లాగే బిగించాలి. అందరికీ ఇదే చెప్తా, ఎవరూ వినరు.

పరకాల కాలర్: అయితే సార్, ఈ రెండు మూడు రోజులు మెల్లగా నడుపుకోవచ్చు గదా? సీజన్ ఉంది.

మెకానిక్: బస్సుకు పోండి అన్నా.

యాంకర్: సరేనండి, ధన్యవాదాలు. జమ్మికుంట నుంచి...

జమ్మికుంట కాలర్: సార్, నాది పల్సర్ 150. ముందుకు వంగి కూర్చోవాల్సి వస్తుంది. స్ప్లెండర్ హ్యాండిల్ పడుతుందా?

మెకానిక్: నీ బండికి రెండు ముక్కల హ్యాండిల్ ఉందా తమ్మీ?

జమ్మికుంట కాలర్: అవును సార్.

మెకానిక్: అయితే స్ప్లెండర్‌కు ఉండే ఒకే ముక్క పైప్ హ్యాండిల్ పట్టే క్లాంపులు దానికి ఉండవు. ముందు చక్రానికి అటూ ఇటూ ఉండే ఫోర్కులను పైన పట్టే ప్లేటుతో సహా మార్చాలి. వెల్డింగ్ చేసి పెడతామంటే మాత్రం ఒప్పుకోకు.

యాంకర్: థాంక్యూ. నర్సంపేట నుంచి అమ్మ లైన్‌లో ఉన్నారు.

నర్సంపేట కాలర్: నమస్తే అండీ. హ్యాండిల్ మారిస్తే పోలీసులు ఫైన్ వేస్తారా? మా బాబు టెన్షన్ పెడుతున్నాడు, మార్చాల్సిందే అని.

మెకానిక్: కంపెనీ ఇచ్చిన బండి వివరాలు మారిపోయేలా మార్పులు చేయొద్దని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుందమ్మా. 2019 సవరణ తర్వాత అట్లాంటి ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చే హ్యాండిల్ అయితే గొడవ ఉండదు. ఇంకోటి. స్విచ్ బాక్సు లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది హ్యాండిల్ పైపులో ఉన్న రంధ్రంలో కూర్చుంటుంది. వేరే హ్యాండిల్‌కు రంధ్రం లేకపోతే కొందరు ఆ పిన్నును ఆకురాయితో అరగదీస్తారు. తర్వాత రేస్ ఇస్తుంటే హారన్, లైట్ స్విచ్‌లతో సహా బాక్సే తిరుగుతుంది. మీ బాబుతో చెప్పండి, పిన్ను అరగదీయనివ్వొద్దని.

నర్సంపేట కాలర్: వాడు ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు.

మెకానిక్: మంచిది. వైర్లు కూడా చూసుకో బాబూ.

యాంకర్: సమయం అయిపోతోంది. ములుగు నుంచి ఒక్క ప్రశ్న, త్వరగా.

ములుగు కాలర్: సార్, హ్యాండిల్ నల్లది మంచిదా, తెల్లగా మెరిసేదా?

మెకానిక్: ఏ రంగైనా వేసుకో తమ్మీ. ఇటు చివరిదాకా, అటు చివరిదాకా తిప్పి చూసుకో.

ములుగు కాలర్: చూసిన సార్. ట్యాంకుకు తగులుతుంది.

మెకానిక్: తగులుతుందా! మరి రంగు అడుగుతావేందయ్యా?

యాంకర్: ములుగు కాలర్, లైన్‌లోనే ఉండండి. కార్యక్రమం అయ్యాక సార్ మాట్లాడతారు.