చెక్కులో దాక్కున్న రాజు

వేదిక మీది పెద్దలకూ, ఇంత ఎండలో వచ్చిన మీకూ నమస్కారం. శాలువా చివర్లో కప్పండి, ఇప్పుడే అయితే ఉక్కపోస్తుంది.

ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో చెక్కులు పాస్ చేశాను. ఆ మాట ఎక్కడిదో రిటైరయ్యాక గానీ చూసుకోలేదు. పారసీలో షా అంటే రాజు. మన చదరంగం పర్షియా వెళ్లాక, ఎదుటి రాజు ఇరుకున పడితే 'షా' అని హెచ్చరించేవారు. అది అరబ్బుల మీదుగా ఫ్రాన్సు చేరి, ఇంగ్లీషులోకొచ్చేసరికి చెక్ అయింది. మన ఆటకట్టు వాళ్లకి చెక్‌మేట్. రాజును ఆపడం కాస్తా ఎవరినైనా ఆపడమైంది, ఆపి చూడటం తనిఖీ అయింది. చెక్‌పోస్టులో రెండూ ఉన్నాయి కదా! ఆ పలక మీది గళ్లే చొక్కాల్లో చెక్స్. మూడో వరసలో బాబూ, నవ్వకు, నీదే.

12వ శతాబ్దపు ఇంగ్లండులో ఖజానా లెక్కలకు పదడుగుల పొడవు బల్ల, మీద గీతల నల్లగుడ్డ. దాని మీద బిళ్లలు పేర్చి లెక్క తేల్చేవారు. ఇటు శిస్తు తెచ్చిన షెరీఫ్, అటు కోశాధికారి. అచ్చం చదరంగమేనని ఆనాటి కోశాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ రాసిపెట్టాడు. ఆ ఖజానాకి ఎక్స్‌చెకర్ అన్న పేరు అలా వచ్చిందే. మన చెక్కు మాత్రం మొదట్లో దొంగచీటీలు పట్టుకోవడానికి ఉంచుకునే కౌంటర్‌ఫాయిల్, అంటే చీటీ చించి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్క.

అమెరికాలో మా అబ్బాయి హోటల్‌కి తీసుకెళ్తే, తిన్నాక వడ్డించిన అమ్మాయి చెక్ తెస్తానంది. డబ్బులిస్తారు కాబోలనుకున్నా. తీరా చూస్తే బిల్లు!

అసలు నేను చెప్పాలని వచ్చింది ఇది కాదు. 2012 ఏప్రిల్ నుంచి చెక్కు గడువు ఆరు నెలల నుంచి మూడు నెలలకు తగ్గింది. ఆ ఏడాదే ఒక పెద్దాయన పంట నష్టం చెక్కు తెచ్చాడు. రొంటిన దోపుకున్నాడేమో, నాలుగు మడతలు పడి చెమటకు మెత్తబడింది. గడువు దాటి ఆరు రోజులు. వెనక్కిచ్చాను. ఇచ్చింది నేనేనండీ, ఈ చేత్తోనే.

"ఆరు నెల్లుందని ఊళ్లో అన్నారు బాబూ. మూణ్నెల్లని ఎక్కడుంది?"

చెక్కు మీద చిన్న అక్షరాల ముద్ర చూపించాను. దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ జరిపాడు.

"ఇది ఇంగ్లీషు కదా" అన్నాడు.