పది పవర్ ఎనిమిదా, ఆరా? పవర్ అంకెల సైజు మార్చుకుందాం

నమస్కారం అండీ. మా తొమ్మిదో తరగతి పేపర్‌లో ఒక లెక్క ఇచ్చాను. సూర్యుడి దగ్గర్నుంచి కాంతి మనదాకా రావడానికి ఎంతసేపు పడుతుంది అని. జవాబు 500 సెకన్లు. ఒకమ్మాయి 50,000 సెకన్లు వేసింది. పద్ధతిలో ఒక్క తప్పు లేదు. ప్రశ్నలో కాంతి వేగం దగ్గర పది పవర్ ఎనిమిది ఉంటే, తను పది పవర్ ఆరు అని చదివింది. పేపర్ తీసి చూస్తే నాకూ ఆరులాగే కనిపించింది! పిల్లకి మార్కులు వేసేశాను. తప్పు అక్షరాల సైజుది కదండీ.

ఎందుకలా అయిందంటే, నేను వాడే లిబ్రెఆఫీస్ రైటర్‌లో సూపర్‌స్క్రిప్ట్, అంటే పవర్‌లా పైకెత్తి రాసే అంకె, కొడితే అది 58 శాతానికి తగ్గిపోతుంది. పేపర్ కలిసిరావాలని మనం 10 పాయింట్లలో టైప్ చేస్తాం. అంటే పైనున్న అంకె 6 పాయింట్లు కూడా లేదు. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే 8, 6, 3 అన్నీ ఒకేలా అలికినట్టు వస్తాయి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఎఫ్11 నొక్కితే స్టైల్స్, అంటే పేరు పెట్టి దాచుకునే అక్షరాల అమరికలు, వస్తాయి. అందులో క్యారెక్టర్ స్టైల్స్‌కి వెళ్లి, రైట్ క్లిక్ చేసి న్యూ అనండి. పేరు 'పవర్' అని పెట్టాను. పొజిషన్ ట్యాబ్‌లో సూపర్‌స్క్రిప్ట్ ఎంచుకుని, ఆటోమేటిక్ దగ్గర టిక్ తీసేయండి. రిలేటివ్ ఫాంట్ సైజు 70 చేయండి. ఎంత పైకి లేవాలన్నది 33 ఉంటుంది, అది బాగానే ఉంది, వదిలేయండి. ఇలాగే సబ్‌స్క్రిప్ట్‌కి, అంటే కిందికి దించి రాసే అంకెకి, ఇంకో స్టైల్. సీవోటూలో రెండు, హెచ్‌టూ ఎస్‌వో ఫోర్‌లో నాలుగు, అన్నిటికీ అదే. ఇంకెప్పుడైనా సైజు చాలదనిపిస్తే స్టైల్‌లో ఒక్కచోట మారిస్తే పేపరంతా మారిపోతుంది. అంకె అంకెకీ విడిగా చేసుకుంటూ పోతే ఈ సుఖం ఉండదు.

ఇక్కడ మన తెలుగుకి ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ. మనకి పై లైన్‌లో ఒత్తులు కిందికి దిగుతాయి. 'శాస్త్రం' అన్న మాట కిందే పది పవర్ ఎనిమిది వచ్చిందనుకోండి, ఆ ఒత్తు వచ్చి ఎనిమిది నెత్తిన కూర్చుంటుంది. అందుకని పేరాగ్రాఫ్‌లో లైన్ స్పేసింగ్ కాస్త పెంచండి. లైన్ ఎత్తు అస్సలు మారని ఫిక్స్‌డ్ మాత్రం ఆలోచించి పెట్టండి, కొలత చాలకపోతే ఒత్తులు తెగిపోతాయి. కనీసం ఇంత ఉండాలి, అవసరమైతే పెరగొచ్చు అనే 'ఎట్ లీస్ట్' మేలు.

వర్డ్ వాడేవాళ్లకి సూపర్‌స్క్రిప్ట్ సైజు మార్చే గడి లేదు. కంట్రోల్ డి కొట్టి, ఫాంట్ సైజు 8 చేసి, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పొజిషన్ రెయిజ్‌డ్ అని 4 పాయింట్లు ఇవ్వండి. సూపర్‌స్క్రిప్ట్ టిక్ పెట్టకూడదు, పెడితే మళ్లీ చిన్నదైపోతుంది. దీన్నీ స్టైల్‌గా దాచుకోండి. కాకపోతే ఇవి పాయింట్లు, శాతాలు కావు. మిగతా అక్షరాల సైజు మారిస్తే ఇవి వాటంతట అవి మారవు.

పాత పేపర్లలో యాభై చోట్ల సీవోటూ మామూలు రెండుతో ఉందా? వర్డ్‌లో ఒక్కచోట సరిచేసి, ఆ మాటను కాపీ చేయండి. కంట్రోల్ హెచ్ కొట్టి, ఫైండ్‌లో మామూలు సీవోటూ టైప్ చేయండి. రీప్లేస్‌లో ఆరు అంకె మీదుండే టోపీ గుర్తు, దాని పక్కన చిన్న బడి సి. అంటే కాపీ చేసింది తెచ్చి పెట్టు అని. మ్యాచ్ కేస్ టిక్ పెట్టి రీప్లేస్ ఆల్ కొట్టండి. యాభై చోట్లా ఒకేసారి రెండు కిందికి దిగుతుంది.