ఒక్క తంతి వెనక్కి పంపగలమా?

సభకు నమస్కారం. శాలువాలు, దండలు అయిపోయాయి కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను. అయినా మద్రాసు మైలాపూరులో నిలబడి భౌతికశాస్త్రం మాట్లాడుతూ ఏకామ్ర నివాస్‌ను తలుచుకోకపోతే తప్పవుతుంది. భౌతికశాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్ గారు ఆ ఇంట్లోనే, సొంత ఇంట్లో, కుర్రాళ్ళను కూర్చోబెట్టి సిద్ధాంత భౌతికశాస్త్రం మీద గోష్ఠులు నడిపారు. 1960లో, అణువు నిర్మాణం చెప్పిన నీల్స్ బోర్ అంతటివాడు ఆ గుమ్మం తొక్కాడు. 1962లో మన గణితశాస్త్ర సంస్థ పుట్టింది ఆ గోష్ఠుల్లోంచే. ఇవాళ్టి నా ప్రశ్న కూడా ఇంట్లోంచి వచ్చిందే. అందుకే ఆ ఇల్లు గుర్తొచ్చింది.

ప్రశ్న ఇది. కాలంలో వెనక్కి వెళ్ళడానికి ప్రకృతి నియమాలు ఒప్పుకుంటాయా?

ముందుకు వెళ్ళడం సంగతి తేలిపోయింది. భాగవతంలో కకుద్మి కూతురు రేవతికి వరుణ్ణి అడుగుదామని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ పాట పూర్తయ్యేదాకా ఆగాడు. ఆలోగా భూమ్మీద 27 మహాయుగాలు గడిచిపోయాయి. అది కథ. వేగంగా పోయేవాడికి కాలం నెమ్మదిగా నడుస్తుందని లెక్క 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు, గురుత్వాకర్షణ బలంగా ఉన్నచోటా అంతేనని 1915లో మళ్ళీ చెప్పాడు. మీ ఫోనుకు దారి చూపే ఉపగ్రహాల గడియారాలు రోజుకు 38 మైక్రోసెకన్లు మన గడియారాలకన్నా ముందుకు పోతాయి. ఆ తేడా సవరించకపోతే ఒక్క రోజులోనే లెక్క సుమారు 10 కిలోమీటర్లు తప్పుతుంది. అయితే కకుద్మి వెళ్ళింది ముందుకే, గమనించారా? తనవాళ్ళ దగ్గరికి మళ్ళీ రాలేకపోయాడు. నా బాధంతా ఆ రాలేకపోవడం గురించే.

ఇదిగో, ఈ కాగితం తెచ్చాను. 1976 నాటి టెలిగ్రాం, అదే తంతి. నేను ఈ ఊళ్ళోనే డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. మా నాన్నగారికి గుండెనొప్పి వస్తే మా బాబాయి నెల్లూరు తంతి ఆఫీసుకు పరిగెత్తాడు. ‘ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమీడియెట్లీ.’ నాలుగే మాటలు. ఇచ్చింది శనివారం పొద్దున. హాస్టల్ ఆఫీసుకు చేరింది ఆ మధ్యాహ్నమే. అక్కడి గుమాస్తా దాన్ని బల్ల సొరుగులో పెట్టి, తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. సోమవారం పొద్దున నా చేతికిచ్చాడు. నాన్న ఆదివారం పోయారు. నెల్లూరు ఎంత దూరమండీ? సెంట్రల్లో రైలెక్కితే మూడు నాలుగు గంటలు!

సరే, భౌతికశాస్త్రం. ఆ సోమవారం నుంచి నేనడుగుతున్నది మనిషిని వెనక్కి పంపమని కాదు. ఒక్క తంతి పంపితే చాలు. ‘సొరుగు తెరువు’ అని. విచిత్రమేమిటంటే భౌతికశాస్త్రానికి ఆ రెండింటికీ తేడా లేదు. మనిషి వెళ్ళినా, ఒక్క సంకేతం వెళ్ళినా చిక్కు ఒకటే. ఆ తంతి చేరి, శనివారమే నేను రైలెక్కి నాన్నను చూసుకుని ఉంటే, ఇవాళ దాన్ని వెనక్కి పంపాలని నాకెందుకు అనిపిస్తుంది? పంపకపోతే అది ఎలా అందింది? రష్యా శాస్త్రవేత్త నోవికోవ్ దీనికొక దారి చెప్పాడు. గతంలోకి ఏది వెళ్ళినా, జరిగిపోయినదానితో పొసిగేదే జరుగుతుందట. అంటే నా తంతి వెళ్తుంది, ఆ సొరుగులోనే పడుతుంది. దీన్ని నేను చాలా ఏళ్ళు క్షమించలేకపోయాను.

సమీకరణాలు మాత్రం అడ్డం చెప్పవు. 1949లో గోడెల్ అనే గణితవేత్త, తిరుగుతున్న విశ్వం ఒకటి ఐన్‌స్టీన్ సమీకరణాలకు సరిపోతుందని చూపించాడు. అందులో దారులు చుట్టి తమ గతంలోకే వస్తాయి. మన విశ్వం వ్యాకోచిస్తోంది, అలా తిరుగుతున్న జాడ లేదు. 1988లో థోర్న్, మోరిస్, యుర్ట్‌సెవర్ అనే భౌతికశాస్త్రవేత్తలు వార్మ్‌హోల్‌తో, అంటే విశ్వంలో రెండు చోట్లను కలిపే సొరంగం లాంటిదానితో, లెక్క వేశారు. దాని ఒక ముఖాన్ని వేగంగా దూరం తీసుకెళ్ళి వెనక్కి తెస్తే రెండు ముఖాల గడియారాలకూ తేడా వస్తుంది, ఆ తేడాయే గతానికి తలుపు. దాన్ని మూసుకుపోకుండా నిలబెట్టడానికి రుణశక్తి, అంటే సున్నాకన్నా తక్కువ శక్తి, కావాలి, అంత ఎక్కడా దొరకలేదు. హాకింగ్ 1992లో ప్రకృతి దీన్ని ఎలాగైనా అడ్డుకుంటుందన్నాడు. 2009 జూన్ 28న కేంబ్రిడ్జిలో, భవిష్యత్తు నుంచి వెనక్కి వచ్చేవాళ్ళ కోసం విందు పెట్టి, ఆహ్వానాలు ఆ తర్వాత పంపాడు. ఒక్కరూ రాలేదు. కానీ ఆయన చెప్పింది ఊహ, నిరూపణ కాదు. గురుత్వాకర్షణకు క్వాంటం సిద్ధాంతం, అంటే అణువులకన్నా చిన్న స్థాయిలోనూ చెల్లే లెక్క, పూర్తయ్యేదాకా అవునని గాని కాదని గాని తేల్చలేరు. ఇది మరోసారి చెప్తాను, కాదని తేలలేదు. మీ పిల్లాడు ఈ ప్రశ్న అడిగితే ‘పరీక్షలో రాదు, నోరుమూసుకో’ అనకండి. దయచేసి అనకండి.

నా మటుకు తేలిన సంగతి ఇంకొకటుంది. వార్మ్‌హోల్ యంత్రం ఎంత గొప్పదైనా, అది తయారైన క్షణానికి ముందుకాలంలోకి తీసుకెళ్ళలేదు. రేపు ఎవరైనా కట్టినా అది రేపటి దాకానే. 1976కి తలుపు లేదు. ఇది తెలిసిన రాత్రి నేను పుస్తకం మూసి, అరుగు మీద కూర్చుని తెల్లారేదాకా ఏడ్చాను.

తర్వాత ఒక సంగతి తట్టింది. నెల్లూరు నుంచి మద్రాసుకు కబురు రావడానికి ఏ నియమమూ అడ్డం రాలేదు. తీగ మీద క్షణాల్లో వచ్చింది. ఆ శనివారం ఆఫీసు గోడకు అవతల, మెస్సులో, నేను పెరుగన్నం తింటున్నాను. ఆ సొరుగు నుంచి నా విస్తరి దాకా పదడుగులుంటుంది.

తంతి సేవ 2013లో ఆగిపోయింది. వెనక కూర్చున్న పిల్లల్లో చాలామంది టెలిగ్రాం చూసి ఉండరు. ముందు వరస వాళ్ళు కాస్త అందుకుని వెనక్కి పంపండి. పట్టీలు అంటించిన వైపు చూడండి, ముద్ర మీద టైము ఇంకా కనిపిస్తోంది. మడత దగ్గర పట్టుకోకండమ్మా, అక్కడ చిరిగిపోతోంది.