నల్లదారంతో కట్టిన రెండు ఉంగరాలు

అందరికీ నమస్కారం.

మనలో చాలామందికి రష్యా పుస్తకాలతోనే పరిచయమైంది. విశాలాంధ్ర పుస్తకాల షాపులో చవగ్గా దొరికే ఆ గట్టి అట్టల పుస్తకాలు, మంచు, పొయ్యి పక్కన ముసలమ్మ, బిర్చి చెట్లు. నేనూ వాటితోనే పెరిగాను, ఆ రుణం నాకుంది. కానీ ఆ పుస్తకాల్లో 1917 తరవాత కథ ఒకవైపే నడిచేది. దేశం విడిచిపోయిన లక్షలమంది గురించి "పారిపోయిన ప్రభువులు" అని ఒక్క ముక్క అనేసి పేజీ తిప్పేవారు. ఆ ముక్క వెనక ఉన్న ఒకే ఒక్క ఇంటి గురించి ఈ సాయంత్రం మాట్లాడతాను. నబోకోవ్‌ల ఇల్లు.

ఆ ఇంటి పెద్దకొడుకు వ్లదీమిర్ నబోకోవ్ పేరు మీరు వినే ఉంటారు, ప్రపంచ ప్రసిద్ధ నవలాకారుడు. ఆయన నవలల జోలికి ఈరోజు పోను. నన్ను పట్టుకుని వదలనిది ఆయన తండ్రి. ఆయన పేరు కూడా వ్లదీమిరే, వ్లదీమిర్ ద్మీత్రియెవిచ్. తికమక లేకుండా తండ్రి, కొడుకు అనే అంటాను.

తండ్రి 1870లో పుట్టాడు. తాత ఇద్దరు జార్ల దగ్గర న్యాయశాఖ మంత్రి. పిల్లల తల్లి ఎలేనా రుకావిష్నికోవ్‌ల ఆడపడుచు, బంగారు గనులున్న కుటుంబం. పీటర్స్‌బర్గ్‌లో బొల్షాయా మొర్‌స్కాయా వీధిలో 47వ నంబరు ఇల్లు. వేసవికి నగరానికి దక్షిణంగా ఒరెదెజ్ నది ఒడ్డున వీరా అనే పల్లెలో బంగళా. అక్కడ దాదాపు 50 మంది పనివాళ్లు. ఐదుగురు పిల్లలు: వ్లదీమిర్, సెర్గేయ్, ఓల్గా, ఎలేనా, కిరిల్. ఆ 50 మందిలో ఎంతోమంది తాతముత్తాతలు 1861 దాకా భూమితోపాటు అమ్ముడుపోయిన అర్ధబానిసలే. దీన్ని మరిచిపోయి ఆ బంగళా వైభవం గురించి మురిసిపోవడం నాకు చేతకాదు. అక్కడ జరిగిన విప్లవానికి కారణాలున్నాయి. ఆకలి ఉంది, యుద్ధం ఉంది, భూమి కోసం తరాల దాహం ఉంది.

ఆ అన్యాయం ఈ తండ్రికి కనపడింది. ఆయన న్యాయశాస్త్ర పండితుడు. 1903 వసంతంలో కిషినేవ్ పట్టణంలో యూదుల మీద మూకలు పడి 49 మందిని చంపాయి. పోలీసులు చూస్తూ ఊరుకున్నారు. ఆస్థానంలో బిరుదున్న మనిషి, రేపో మాపో మంత్రి కాగలిగినవాడు, దాని గురించి 'ప్రావో' అనే న్యాయ పత్రికలో వ్యాసం రాశాడు. ఈ నెత్తురుకి జవాబుదారీ ప్రభుత్వమే అన్నాడు. ఆ వ్యాసాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికొస్తాను. ఆ తరవాత ఆస్థాన బిరుదు ఊడింది. ఆయన చేసిన పనేమిటో తెలుసా? ఆస్థానానికి వేసుకెళ్లే యూనిఫాం అమ్మబడును అని పేపర్లో ప్రకటన ఇచ్చాడు.

1906లో రష్యాకి మొదటి పార్లమెంటు, డూమా, వచ్చింది. ఆయన రాజ్యాంగ ప్రజాస్వామ్య పార్టీ తరఫున సభ్యుడు. మంత్రులు చట్టసభకి లోబడి ఉండాలి అని ఆ సభలో ఆయన అన్న మాట దేశమంతా మారుమోగింది. రెండున్నర నెలలు తిరక్కుండానే జార్ సభని రద్దు చేశాడు. సభ్యులు వీబోర్గ్ వెళ్లి, పన్నులు కట్టకండి, సైన్యానికి మనుషుల్నివ్వకండి అని ప్రజలకి పిలుపునిచ్చారు. సంతకం పెట్టినందుకు 1908లో మూడు నెలలు క్రెస్తీ జైలు. జైల్లోంచి భార్యకి ఉత్తరాలు టాయిలెట్ కాగితం మీద రాసి, స్నేహితుడి చేత దొంగచాటుగా పంపేవాడు.

ఇంకో చిన్న సంగతి చెప్పాలి, మన ఇళ్లకి దగ్గరది కాబట్టి. ఈ ఇంట్లో పిల్లలకి ఇంగ్లీషు ఆయాలు, ఇంగ్లీషు సబ్బులు, ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు. దాంతో పెద్దబ్బాయికి రష్యన్ కంటే ముందు ఇంగ్లీషు చదవడం వచ్చేసింది. తండ్రి అది గమనించి ఉలిక్కిపడి, పల్లె బడిపంతుల్ని రోజూ ఇంటికి పిలిపించి సొంతభాష అక్షరాలు దిద్దించాడు. ఆ అబ్బాయికి తరవాత రోజుల్లో రెండు భాషలే మిగిలాయి, ఇల్లూ వాకిలీ మిగల్లేదు. ఆ రెండిట్లో ఒకటి ఆయాలు ఇచ్చింది, రెండోది ఆ పంతులుగారి చలవ.

1917 మార్చిలో జార్ నికొలస్ గద్దె దిగి, తమ్ముడు మిఖయీల్‌కి ఇస్తున్నానన్నాడు. మిఖయీల్‌కి ఆ కిరీటం అక్కర్లేదు. మిల్యొన్నయా వీధిలో ఒక ఇంట్లో ఆ నిరాకరణ పత్రం రాయాలి. న్యాయం తెలిసినవాళ్లుగా నోల్డేనీ, మన తండ్రి నబోకోవ్‌నీ పిలిపించారు. ఆ ఇంటి చిన్నపిల్ల చదువుకునే బల్ల దగ్గర కూర్చుని తన చేతిరాతతో ఆయన దాన్ని రాశాడు. 1613లో మొదలైన రొమానోవ్ వంశపు పాలన ఒక బడిపిల్ల బల్ల మీద ముగిసింది. ఆ తరవాత తాత్కాలిక ప్రభుత్వానికి ఆయన కార్యనిర్వాహక కార్యదర్శి.

ఎనిమిది నెలలకే బోల్షెవిక్‌లొచ్చారు. నవంబరులో ముందు పెద్దపిల్లలిద్దర్నీ రైల్లో క్రిమియాకి పంపారు, వెనకాలే తల్లీ మిగతా పిల్లలూ. తండ్రి రాజ్యాంగ సభ ఎన్నికల పనిలో పీటర్స్‌బర్గ్‌లోనే ఉండి అరెస్టయి, కొన్నాళ్లకి విడుదలై వచ్చి కలిశాడు. మొర్‌స్కాయా ఇంట్లో గోడలో దాచిన ఇనప్పెట్టె ఎక్కడుందో ఆ ఇంటి కావలివాడే విప్లవకారులకి చూపించాడట. ఆ కావలివాడి మీద నాకు కోపం రాదు. ఏళ్లతరబడి తలుపు తీసినవాడు, ఆ చివరి తలుపూ తీశాడు, అంతే.

క్రిమియాలో గాస్ప్రా అనే చోట, ఒక స్నేహితురాలి ఎస్టేట్‌లో తలదాచుకున్నారు. అంతకు 16 ఏళ్ల ముందు జబ్బుపడ్డ టాల్‌స్టాయ్ కోలుకున్నది కూడా అక్కడే. అక్కడ ఏర్పడిన ప్రాంతీయ ప్రభుత్వంలో తండ్రి కొన్ని నెలలు న్యాయశాఖ మంత్రి. బోల్షెవిక్‌ల మీద పోరాడే తెల్లసైన్యం వాళ్లు విచారణ లేకుండా మనుషుల్ని కాల్చేస్తుంటే ఆపడానికి పెనుగులాడాడు, ఆపలేకపోయాడు. ఎర్రవాళ్లకి ఆయన ప్రభువు, తెల్లవాళ్లకి ఆయన ఎర్రవాళ్ల తోక. మధ్యలో నిలబడినవాడికి రెండువైపులనుంచీ రాళ్లే.

1919 ఏప్రిల్‌లో ఎర్రసైన్యం సెవాస్తపోల్ అంచుకొచ్చింది. ఎండుపళ్ల సరుకుతో వెళ్తున్న ఒక గ్రీకు పడవలో కుటుంబం బయల్దేరింది. పడవ పేరు 'నదేజ్దా', అంటే ఆశ. ఒడ్డునుంచి మరఫిరంగులు నీళ్ల మీదకి పేలుతున్నాయి. డెక్ మీద తండ్రీ పెద్దకొడుకూ చదరంగం ఆడుతున్నారు. ఒక గుర్రానికి తల ఊడిపోయింది. ఏనుగు ఒకటి పోతే దాని బదులు పేకాట బిళ్ల పెట్టుకున్నారు. గుళ్లు పేలుతుంటే చదరంగమేమిటని ఎవరైనా అడగచ్చు. అది ధీమా అనుకోను నేను. 20 ఏళ్లైనా నిండని కొడుకు వణికిపోకుండా ఉండాలంటే ఆ పూట ఆ తండ్రి దగ్గర ఇంకేముంది?

ఆ పడవలో వెళ్లినవాళ్లెవరూ మళ్లీ అక్కడ కాపురం పెట్టలేదు. మనం ప్రవాసం అంటుంటాం. డాలస్‌లో ఉన్న పిల్లలు సంక్రాంతికి రాలేకపోయారని బెంగపడతాం. వచ్చే ఏడాది వస్తారులే అనే మాట ఆ బెంగలోనే ఉంటుంది. వీళ్లకి ఆ మాట లేదు. 1921 చివర్లో సోవియట్ ప్రభుత్వం ఇలాంటి వాళ్ల పౌరసత్వాన్ని రద్దు చేసేసింది. ఆ తరవాత నానాజాతి సమితి ఇచ్చిన నాన్సెన్ పాస్‌పోర్ట్ అనే కాగితమే వాళ్ల దేశం.

లండన్‌లో తల్లి ముత్యాల హారం అమ్మారు, పెద్దకొడుకు కేంబ్రిడ్జి చదువుకి అది సాయపడింది. 1920లో కుటుంబం బెర్లిన్ చేరింది. అప్పటికది కాందిశీకులతో నిండిన ఊరు, రష్యన్ ప్రెస్సులు, రష్యన్ దుకాణాలు, మాజీ సైనికాధికారులు నడిపే టాక్సీలు. తండ్రి ఇద్దరు మిత్రులతో కలిసి 'రూల్' అనే దినపత్రిక పెట్టాడు. చుక్కాని అని అర్థం. కొడుకు కవితలు అందులో 'సీరిన్' అనే కలంపేరుతో వచ్చేవి. తండ్రీ కొడుకులది ఒకే పేరు కదా, పాఠకులు పొరబడకుండా.

1922 మార్చి 28 రాత్రి. ఇక్కడ కాస్త ఆగుతాను.

బెర్లిన్ ఫిల్‌హార్మొనిక్ హాల్లో మిల్యుకోవ్ ఉపన్యాసం. ఈయనా తండ్రి నబోకోవ్ పార్టీలో పాతకాపులే, కానీ అంతకుముందు ఏడాదే దారి ఏదన్న దగ్గర గట్టిగా విడిపోయారు. ఐనా సభకి వెళ్లాడు. మిల్యుకోవ్ మాట్లాడాక జనంలోంచి ఒకడు లేచి ఆయన మీద కాల్పులు మొదలుపెట్టాడు. షబెల్స్కీ-బోర్క్ అనే రాజభక్తుడు. తండ్రి నబోకోవ్ ఎగిరి వాడి చెయ్యి పట్టుకుని, కిందపడేసి నొక్కిపట్టాడు. వాడి జతగాడు తబొరీత్స్కీ వెనకనుంచి వచ్చి కాల్చాడు. తండ్రి అక్కడికక్కడే పోయాడు. వయసు 51. మిల్యుకోవ్‌కి చిన్న గాయమూ కాలేదు.

ఆ సమయానికి సెలవులకొచ్చిన పెద్దకొడుకు ఇంట్లో తల్లికి కవిత్వం చదివి వినిపిస్తున్నాడు. అలెగ్జాండర్ బ్లోక్ ఇటలీ గురించి రాసిన పద్యాలు. ఫ్లారెన్స్ నగరాన్ని ఐరిస్ పువ్వుతో పోల్చిన చోటు రాగానే తల్లి బాగుందంది. అప్పుడు హాల్లో టెలిఫోన్ మోగింది.

ఎవరికోసం చనిపోయాడో చూడండి. తనతో విభేదించిన మనిషి కోసం. ఎవరి చేతిలో చనిపోయాడో చూడండి. బోల్షెవిక్‌ల చేతిలో కాదు, జార్ పేరు చెప్పుకునేవాళ్ల చేతిలో. "పారిపోయిన ప్రభువులు" అనే ముక్కలో ఈ మనిషి ఎక్కడ పడతాడు?

హంతకులకి 12 ఏళ్లు, 14 ఏళ్లు శిక్ష పడింది. ఇద్దరూ గడువుకి ముందే బయటికొచ్చారు. 1936లో హిట్లర్ ప్రభుత్వం బెర్లిన్‌లోని రష్యన్ కాందిశీకుల వ్యవహారాలకి ఒక కార్యాలయం పెట్టి, దాంట్లో ఉపాధికారిగా ఎవర్ని వేసిందంటే, ఈ తబొరీత్స్కీనే. పెద్దకొడుకు అప్పటికీ బెర్లిన్‌లోనే ఉన్నాడు. ఇంగ్లీషు ట్యూషన్లు, టెన్నిస్ పాఠాలు చెప్పుకుంటూ రష్యన్‌లో నవలలు రాస్తున్నాడు. భార్య వేరా యూదు స్త్రీ, చంటి కొడుకు ద్మీత్రీ. తండ్రిని చంపినవాడి చేతికి తన పేరున్న జాబితా పోతుంది! 1937లో ఫ్రాన్స్‌కి తరలిపోయారు. పారిస్‌లో ఒకే గది. బిడ్డ నిద్ర పాడవకుండా స్నానాలగదిలో బిడే అనే కడుక్కునే తొట్టి మీద సూట్‌కేసు అడ్డంగా పెట్టుకుని, అదే బల్లగా తన మొదటి ఇంగ్లీషు నవల రాశాడు.

1940 మేలో జర్మన్ సైన్యం పారిస్ మీదకి వస్తోంది. అమెరికా వెళ్లడానికి వీసా ఉంది, ఓడ టికెట్‌కి డబ్బు లేదు. యూదు కాందిశీకుల్ని తరలించే సంస్థ ఒకటి 'షాంప్లేన్' అనే ఓడ మాట్లాడింది. ఆ సంస్థకి పెద్ద అయినాయన తండ్రి నబోకోవ్‌ని ఎరిగినవాడు, యూదుల కోసం ఆయన నిలబడటం తెలిసినవాడు. సగం ధరకే చోటిచ్చాడు. 1903 నాటి వ్యాసం గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఆ వ్యాసమే 37 ఏళ్లకి కోడలికీ మనవడికీ ప్రాణం పోసిందని నేననుకుంటాను. ఆ తరవాతి నెలలోనే ఆ ఓడ ఫ్రాన్స్ తీరంలో మందుపాతరకి మునిగిపోయింది.

ఆ ఓడ ఎక్కనివాళ్ల మాటేమిటి? రెండోవాడు సెర్గేయ్‌కి నత్తి. సంగీతమంటే ప్రాణం. అతను స్వలింగ ప్రేమికుడు. అన్నదమ్ముల మధ్య చిన్నప్పటినుంచీ దూరమే. 1940లో ఊరినుంచి పారిస్‌కి తిరిగొచ్చి అన్నగారింటికి వెళ్లేసరికి వాళ్లు వెళ్లిపోయారు. నాజీలు 1941లో ఒకసారి పట్టుకుని వదిలారు. 1943లో ఆ ప్రభుత్వాన్ని బాహాటంగా తిట్టినందుకు మళ్లీ పట్టుకున్నారు. 1945 జనవరిలో నోయెన్‌గామె నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. వయసు 44. తండ్రిలో ఉన్న ఆ తల వంచనితనం, ఎవరూ పట్టించుకోని ఈ కొడుక్కే సగం పాలు వచ్చిందనిపిస్తుంది నాకు. అన్నగారు తన జ్ఞాపకాల పుస్తకం మొదట అచ్చువేసినప్పుడు తమ్ముడి గురించి దాదాపు ఏమీ రాయలేకపోయాడు. 15 ఏళ్ల తరవాత తిరగరాసినప్పుడు కొన్ని పేజీలు చేర్చి, ఆ జీవితానికి తాను ఏదో బాకీ పడ్డానన్నట్టు రాశాడు.

ఆ పెద్దాయన ఆ తరవాత ఎక్కడా ఇల్లు కొనలేదు. డబ్బొచ్చాక కూడా స్విట్జర్లాండ్‌లో ఒక హోటల్లోనే ఉండి 1977లో పోయాడు. ఎర్రవాళ్లు డబ్బు, భూమి లాక్కున్నారని ఏడ్చే కాందిశీకులంటే ఆయనకి అసహ్యం. తన బెంగ పోయిన బాల్యం గురించే అన్నాడు. వీరా బంగళా 1944లో, యుద్ధంలో తగలబడిపోయింది. మొర్‌స్కాయా ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

చివరగా తల్లి. ఐదుగురు పిల్లల తల్లి ఎలేనా, భర్త పోయాక ప్రాగ్‌కి మారింది. చెక్ ప్రభుత్వం కాందిశీకులకిచ్చే చిన్న పింఛనుతో, కూతుళ్లతో, చిన్నకొడుకుతో, తమతో వచ్చేసిన ముసలి కుక్కతో ఇరుకు అద్దె కొంప. సబ్బుల పెట్టె మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద మాసిపోయిన ఫొటోలు పేర్చుకుంది. ఒక అరలో భర్త చేతి అచ్చు, బెర్లిన్ తేగెల్ శ్మశానంలో ఆయన సమాధిని నీటిరంగుల్లో వేసిన బొమ్మ. నోటు పుస్తకాల నిండా సొంత దస్తూరీలో ఎత్తి రాసుకున్న రష్యన్ పద్యాలు. 1939 మే 2న ఆమె పోయింది. ప్రాగ్‌లో అప్పటికే నాజీలు దిగారు, పెద్దకొడుకు కడసారి చూపుకి వెళ్లలేకపోయాడు. ఆమె వేలికి పెళ్లి ఉంగరాలు రెండుండేవి, తనదీ భర్తదీ. భర్తది వదులు, జారిపోతుంది. అందుకని దాన్ని తన ఉంగరానికి నల్లదారంతో కట్టుకుంది.