ఒప్పుకోని మనసు: హెబ్రీ పత్రికలో ఒక గ్రీకు మాట

పెద్దలకు, సంఘ కాపరులకు, ఇంత ఎండలోనూ వచ్చిన అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు వందనాలు.

కొన్నేళ్ల కిందట ఒక ఇంటి కూడికలో కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక చదువుతున్నాం. మూడో అధ్యాయం ముగించి నాలుగులోకి వచ్చాం. గోడవారన కూర్చున్న ఒక ముసలమ్మ కళ్లజోడు సర్దుకుని, "అయ్యగారూ, 3:19లో ఐగుప్తు నుంచి వచ్చిన ఇశ్రాయేలీయులు అవిశ్వాసం వల్ల దేవుని విశ్రాంతి లోపలికి పోలేకపోయారన్నారు. 4:6కి వచ్చేసరికి అవిధేయత వల్ల పోలేదంటున్నారు. ఇంతకీ వాళ్లు నమ్మలేదా, మాట వినలేదా?" అని అడిగింది. అప్పటికే నేను పదేళ్లుగా గ్రీకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. "రెండూ ఒకటేనమ్మా" అనేసి తర్వాతి వచనానికి వెళ్లిపోయాను. రెండూ ఒకటి కావు. ఈ సాయంకాలం ఆమెకు పడిన బాకీ తీర్చుకుంటున్నాను అనుకోండి.

3:19లో ఉన్న మాట అపిస్తియా. పిస్తిస్ అంటే నమ్మకం, ముందు 'అ' చేరితే నమ్మకం లేకపోవడం. మన 'అవిశ్వాసం' దానికి అచ్చంగా సరిపోతుంది. మన 'అ' చేసే పనే గ్రీకులోనూ 'అ' చేస్తుంది. 4:6లో ఉన్నది వేరే మాట, అపేథియా. చిక్కంతా దీనితోనే.

దీని కడుపులో పేథో అనే క్రియ ఉంది. పేథో అంటే నచ్చజెప్పడం, ఒప్పించడం. అదే క్రియను కొంచెం మార్చి పేథొమై అంటే ఒప్పుకోవడం, ఇంకాస్త ముందుకెళ్తే మాట వినడం, లోబడడం. తెలుగులో 'ఒప్పించు', 'ఒప్పుకొను' ఒకే వేరు నుంచి ఎలా పుట్టాయో, అక్కడా అంతే. పిస్తిస్ కూడా ఆ వేరు నుంచి వచ్చిందే. అంటే గ్రీకు చెవికి నమ్మకం, ఒప్పుదల, విధేయత ఒకే ఇంటి బిడ్డలు.

ఏథెన్సు వాళ్లకు ఒప్పించడం ఎంత పెద్ద సంగతంటే, పేథో పేరుతో ఒక దేవతే ఉండేది. సభలోనూ, న్యాయస్థానంలోనూ ఏ పని జరగాలన్నా మాటతో జనాన్ని గెలవాలి. క్రీస్తు పూర్వం 399లో సోక్రటీసు చెరసాలలో మరణం కోసం ఎదురుచూస్తుంటే, పారిపోదాం రమ్మని స్నేహితుడు క్రిటో వస్తాడు. అప్పుడు సోక్రటీసు నగర చట్టాలే మనుషుల్లా వచ్చి తనతో మాట్లాడుతున్నట్టు ఊహిస్తాడు. మమ్మల్ని ఒప్పించు, లేదా మేం చెప్పింది చెయ్యి అంటాయి చట్టాలు. మాకు లోబడనూ లోబడడు, మమ్మల్ని ఒప్పించనూ ఒప్పించడు అని నిష్ఠూరమాడతాయి. ఆ రెండు పనులకూ ప్లేటో వాడింది ఒకే క్రియ. నాకు తెలిసి గ్రీకు విధేయతను ఇంత చిన్న వాక్యంలో చూపించిన చోటు ఇంకోటి లేదు. అక్కడ విధేయత అంటే కర్రకు భయపడి వంగడం కాదు, మాటకు మనసు ఒప్పుకోవడం.

కాబట్టి అపేథియా అంటే నచ్చజెప్పినా ఒప్పుకోకపోవడం. మనవాళ్లు 'ససేమిరా' అంటారే, అది. ఆ మాట వెనక విక్రమార్కుడి కథల్లో ఒక రాకుమారుడున్నాడు. చెట్టు మీద తనను కాపాడిన ఎలుగుబంటిని, అది నిద్రపోతుండగా కింద కాచుకున్న పులికి తోసెయ్యబోయి, శాపం తగిలి "ససేమిరా, ససేమిరా" అంటూ తిరుగుతాడు. ఒక్కో అక్షరానికీ ఒక్కో శ్లోకం చెప్పి ఆ పిచ్చి వదిలిస్తారు. ఆ శ్లోకాల్లో 'మి' అంటే మిత్రద్రోహి. మొండితనానికి మనం వాడుకునే మాట నమ్మకద్రోహం కథలోంచి రావడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. సరే, అసలు విషయానికి వద్దాం.

హెబ్రీ పత్రిక రాసినాయన మనసులో ఉన్నది కాదేషు బర్నేయ, ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశపు వాకిట ఆగిపోయిన చోటు. పన్నెండు మంది వేగులవాళ్లు వెళ్లి, 40 రోజులు దేశమంతా తిరిగి, ఇద్దరు కలిసి కర్ర మీద మొయ్యాల్సినంత ద్రాక్షగెల, దానిమ్మలు, అంజూరాలు తెచ్చారు. దేవుడి మాట చెవిలో పడింది, ఆ మాటకు సాక్ష్యం కళ్ల ముందుంది. అయినా పదిమంది వద్దన్నారు, జనం రాత్రంతా ఏడ్చారు. ద్వితీయోపదేశకాండం 9:23లో మోషే ఆ రోజును గుర్తుచేస్తాడు. క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో, అంటే సెప్టువజింటులో, ఆ వచనం చూడండి. మూడు క్రియలు వరసగా ఉంటాయి: మీరు ఆయన మాటకు ఒప్పుకోలేదు, ఆయనను నమ్మలేదు, ఆయన స్వరం వినలేదు. మొదటి దానికి హెబ్రీ మూలంలో ఉన్నది తిరుగుబాటు చేయడం అనే క్రియ. దానికి ఆ అనువాదకులు ఎంచుకున్నది అపేథియా క్రియే. అలా గ్రీకు మాటలోకి హెబ్రీ తిరుగుబాటు వేడి కూడా ఎక్కింది. ద్వితీయోపదేశకాండం 21:18లో మొండి కొడుకును వర్ణించిందీ ఈ కుటుంబంలోని మాటతోనే.

ముసలమ్మ ప్రశ్నకు జవాబు ఆ ఒక్క వచనంలోనే ఉంది. నమ్మకపోవడం లోపల ఉన్న ఖాళీ. ఒప్పుకోకపోవడం ఆ ఖాళీ చేసే పని. హెబ్రీ పత్రిక 3:18లో 'అవిధేయులైనవారు' అని, వెంటనే 3:19లో 'అవిశ్వాసముచేతనే' అనడం పొరపాటూ కాదు, మాట మార్చి రాయడమూ కాదు. వాళ్లు చేసింది ముందు చెప్పి, ఎందుకు చేశారో తర్వాత చెప్పాడు.

అనువాదకులకు మాత్రం ఇది ఎప్పుడూ తలనొప్పే. యోహాను 3:36 తీసుకోండి. మొదటి సగంలో కుమారుని నమ్మేవాడు, రెండో సగంలో ఈ అపేథియా క్రియ. లాటిన్ బైబిలు వల్గేటు 'నమ్మనివాడు' అంది. 1611 నాటి ఇంగ్లిషు బైబిలు కింగ్ జేమ్స్ కూడా 'నమ్మనివాడు' అనే అంది. 1881లో దాన్ని సవరించినవాళ్లు 'లోబడనివాడు' అని మార్చారు. మన తెలుగు బైబిలు 'కుమారునికి విధేయుడు కానివాడు' అంటుంది. కింగ్ జేమ్స్ తీరు ఇంకా తమాషా: ఇదే నామవాచకం హెబ్రీ 4లో అవిశ్వాసం అవుతుంది, ఎఫెసీ 2:2లో అవిధేయత అవుతుంది. ఈ విషయంలో మన తెలుగువాళ్లే నిలకడగా ఉన్నారు, అవిధేయతను గట్టిగా పట్టుకున్నారు. ఆ నిలకడకు మెచ్చుకుంటాను. కానీ దాని వల్ల మనం పోగొట్టుకున్నదీ ఒకటుంది. 'అవిధేయత' వినగానే మనకు ఒక ఆజ్ఞ, దాన్ని మీరినవాడు గుర్తొస్తారు. ఒప్పించడానికి ప్రయత్నించినవాడు గుర్తురాడు.

హెబ్రీ 11:31లో రాహాబు మాట చూడండి. యెహోషువ పంపిన వేగులవాళ్లను ఇంట్లో దాచిన యెరికో స్త్రీ ఆమె. ఆమె 'అవిధేయులతోపాటు' నశించలేదు అంటాడు. యెరికో జనం ఏ ఆజ్ఞ మీరారు? యెహోషువ రెండో అధ్యాయమంతా వెతకండి, వాళ్లకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటీ కనిపించదు. ఉన్నది ఒక వార్త. ఎర్రసముద్రం ఆరిపోయిన సంగతి, ఇద్దరు అమోరీయుల రాజులకు పట్టిన గతి ఊరంతా వింది. ఊరంతా గుండె జారిపోయిందని రాహాబే చెబుతుంది. విన్నది అందరూ, భయపడ్డదీ అందరూ. ఆ వార్తకు ఒప్పుకుని, ప్రాణానికి తెగించి తలుపు తీసింది ఒక్కతే. మిగతావాళ్లు తలుపులు బిగించుకున్నారు. ఆ బిగించుకోవడం పేరే అపేథియా. 1 పేతురు 3:20లో నోవహు కాలం వాళ్లనూ ఇదే మాటతో పిలుస్తాడు, అది కూడా దేవుని దీర్ఘశాంతము కనిపెట్టుకొని ఉన్నప్పుడు అంటూ. ఓడ తయారవుతున్నన్నాళ్లూ ఎదురుచూస్తున్నది దేవుడు.

ఇక్కడ మిమ్మల్ని ఒకసారి ఆపాలి, నన్ను నేనూ ఆపుకోవాలి. 1961లో జేమ్స్ బార్ అనే స్కాట్లండ్ పండితుడు ప్రసంగీకులకు గట్టిగా వాతపెట్టాడు: మాట ఎక్కడ పుట్టిందో చూసి, వాడిన ప్రతిచోటా ఆ అర్థమే ఉందనకండి అని. నిజమే. రోమా 1:30లో, 2 తిమోతి 3:2లో 'తల్లిదండ్రులకు అవిధేయులు' అన్నచోట ఇదే కుటుంబపు మాట ఉంది. అక్కడ ఒప్పించడం గురించి పెద్ద తత్వమేమీ లేదు, పిల్లలు మాట వినడం లేదంతే. కాబట్టి నేను చెప్పేది ప్రతి వచనానికీ అతికించకండి. సువార్త, వాక్యం, వాగ్దానం అనేవి పక్కన ఉన్నచోట మాత్రం అతికించండి, అక్కడ అది పలుకుతుంది.

ఎలా పలుకుతుందో అపొస్తలుల కార్యములు 19లో వినొచ్చు. పౌలు ఎఫెసులో మూడు నెలలు యూదుల సమాజమందిరంలో తర్కిస్తూ, ఒప్పిస్తూ ఉన్నాడు, పేథో. తర్వాతి వచనంలోనే కొందరు కఠినపడి ఒప్పుకోలేదు, అపేథియా క్రియ. ఆ గ్రంథం రాసిన లూకా రెండు మాటలనూ పక్కపక్కనే పెట్టాడు. మూడు నెలల ఒప్పింపు తర్వాతే ఆ మాట వాడాడు. మనం మాత్రం కొన్నిసార్లు ఒక్క ఆదివారం కానుక తక్కువైతే, కమిటీలో ఒకాయన అడ్డు చెబితే, ప్రసంగ వేదిక మీద నుంచి 'అవిధేయత' అనేస్తాం. నేనూ అన్నవాణ్ణే. మూడు నెలలు కాదు, మూడు నిమిషాలు కూడా నచ్చజెప్పకుండా అన్నాను.

పేతురు ఇంకో దారి చూపిస్తాడు. 1 పేతురు 3:1లో వాక్యానికి ఒప్పుకోని భర్తలున్నారు. వాళ్లు వాక్యం లేకుండానే, భార్యల నడవడి చూసి రాబట్టబడవచ్చు అంటాడు. మాట ఓడిపోయిన ఇంట్లో వంటింటి నుంచి వాకిలి దాకా కనిపించే బతుకే ఆ పని చేస్తుందని. ఈ గదిలో ఉన్న అమ్మల్లో కొందరికి ఈ వచనం నాకంటే బాగా తెలుసు.

రోమా 10:21లో యెషయా మాట ఉంది: అవిధేయులై యెదురాడు ప్రజలకు దినమంతా చేతులు చాపిన దేవుడు. హెబ్రీలో అక్కడ జనాన్ని వర్ణించే మాట ఒక్కటే, మొండివాళ్లని. గ్రీకు అనువాదకులు దాన్ని రెండు చేశారు: ఒప్పుకోనివాళ్లు, ఎదురు మాట్లాడేవాళ్లు. చాపిన చేతులు మాత్రం రెండు భాషల్లోనూ అలాగే ఉన్నాయి, పొద్దు గుంకేదాకా.

రోమా పదకొండో అధ్యాయం 30 నుంచి 32 వరకు, మూడు వచనాల్లో ఈ మాట నాలుగుసార్లు వస్తుంది, ప్రతిసారీ పక్కనే కరుణ. దేవుడు అందరినీ అవిధేయతలో మూసిపెట్టాడు అని పౌలు ఎందుకన్నాడో ఇప్పుడు మొదలుపెడితే ఇక్కడే తెల్లారుతుంది. అది వచ్చే వారానికి ఉంచుదాం. మీ ప్రశ్నలు చెప్పండి. ఈసారి 'రెండూ ఒకటేనమ్మా' అనను.